విద్యార్థుల గదిలో మనకేం పని?



పోయిన వారం మన గ్రూపులో జరిగిన గలాటా అందరూ చూసినారు. ఆ రోజు మేము ఒక్క మాటా రాయలేదు. వేలితో ఒక్కో అక్షరం పొడిచి రాసే లోపల నలభై మెసేజీలు వచ్చి పడతాయి, మా మాట ఎక్కడో అడుక్కు పోతుంది. అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నాము. తప్పులుంటే మన్నించండి. మేము చదివిందంతా తమిళ బడి. తెలుగు అక్షరాలు ముప్పై దాటినాక మన సంఘం చదువుగదిలో, పలక పట్టుకుని చిన్నపిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాము. ఆ గది సంగతి కడాన వస్తుంది.

గలాటా మా ఇంటి సంగతితోనే మొదలైంది కాబట్టి ముందు అది చెప్పాలి. మా అక్క మనుమడు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదువుతున్నాడు. పోయిన ఆగస్టులో పోయినాడు. మొదటి వారం గదిలో తోడు ఎవరూ చేరలేదు, ఊరు తెలీదు, కారు లేదు. అక్కడ కాలేజీలో స్టూడెంట్ యూనియన్ అని ఒక భవనం ఉంటుంది. యూనియన్ అంటే మన రైల్వే యూనియన్ కాదు, జెండా ఉండదు. పిల్లలు తినడానికి, చదువుకోవడానికి, ఊరికే కూర్చోవడానికి కట్టింది. అక్కడ వీడు ఒంటరిగా కూర్చుని తింటా ఉంటే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి పక్కన కూర్చున్నారు. తెల్ల చొక్కా, టై, రొమ్ము మీద పేరు రాసిన నల్ల బిళ్ళ. ఏ ఊరు, ఏం చదువుతున్నావు, ఇంటి మీద బెంగగా ఉందా అని ప్రేమగా అడిగినారు. సరుకులకు పోవాలంటే బస్సులో తోడు వస్తామన్నారు, అన్నట్టే వచ్చినారు. బియ్యం మూట వాళ్ళే మోసుకొచ్చి మూడో అంతస్తులో పెట్టినారు. ఫోను నంబరు అడిగినారు, ఇచ్చినాడు.

అక్కడి నుంచి రోజూ మెసేజీ. ఈ రోజు కలుద్దామా, ఇచ్చిన పుస్తకం చదివినావా, ఆదివారం వస్తావా. భోజనానికి పోతే అక్కడే, లైబ్రరీకి పోతే అక్కడే. డిసెంబరు పరీక్షలప్పుడు నలుగురు కలిసి చదువుకునే గది కోసం వీడూ, వీడి జత పిల్లలూ లైబ్రరీ అంతా తిరిగితే, ఒక గదిలో అదే తెల్ల చొక్కాలు, ఎదురుగా ఒక చైనా పిల్లవాడు, మధ్యలో వాళ్ళ గ్రంథం. వీడు మెట్ల మీద కూర్చుని చదువుకున్నాడు.

ఎందుకురా మొదట్లోనే వద్దని చెప్పలేదు అని మేము అడిగినాము. "బియ్యం మూట మోసినారు తాతా, ఎట్లా పొమ్మనేది?" అన్నాడు.

ఆ ఒక్క మాట మమ్మల్ని రెండు రాత్రులు నిద్ర పోనివ్వలేదు. ఊరుగాని ఊళ్ళో దిక్కు తెలియని బిడ్డకు సాయం చేస్తే ఆ బిడ్డ రుణపడిపోతాడు. ఆ రుణాన్ని పట్టుకుని మతం మాట ఎత్తడం మాకు నచ్చలేదు. సాయం సాయంగా ఉండాలి, బయానాగా ఉండకూడదు.

ఇంతవరకు గ్రూపులో చాలామంది మా పక్షమే. కానీ ఆ తర్వాత రాసిన మాటలున్నాయే, వాటికి మేము ఒప్పుకోము. మతమార్పిడి ముఠా అని ఒకరు, అందరినీ తరిమి కొట్టాలి అని ఒకరు, కడాన ఇక్కడి చర్చిలను కూడా దీంట్లోకి లాగినవారు ఒకరు. అయ్యా, మన ఉగాది వంటకు తెల్లారి నాలుగింటికి వచ్చి కూరగాయలు కోసేవాళ్ళలో ఆదివారం చర్చికి పోయేవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలీదా? వాళ్ళూ ఆ గ్రూపులో ఉన్నారు, చదివినారు. ఒక అమ్మ మరునాడే గ్రూపు విడిచిపెట్టి పోయింది. ఆ అమ్మకు ఎవరైనా ఫోను చేసినారా? మేము చేసినాము. ఆమె ఏమన్నదో ఇక్కడ రాయము.

వాళ్ళను మోర్మన్లు అంటారు. 2018 నుంచి ఆ పేరు వద్దు, పూర్తి పేరు వాడండి అని వాళ్ళ పెద్దలే చెబుతున్నారు. కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం అన్నది ఆ పేరు. మనవాళ్ళకు వాళ్ళు కొత్తేమీ కాదు. మన దేశంలో వాళ్ళ మొదటి స్టేకు, అంటే కొన్ని చర్చిలు కలిసిన జిల్లా లాంటిది, 2012లో హైదరాబాదులోనే పెట్టినారు. ప్రచారానికి వచ్చే ఆ కుర్రాళ్ళు కూడా పద్దెనిమిది, పంతొమ్మిది ఏళ్ళ వాళ్ళే. రెండేళ్ళు ఇల్లు విడిచి వస్తారు. 2019 దాకా వాళ్ళు ఇంటికి ఫోను చేసి మాట్లాడేది ఏడాదికి రెండే సార్లు. వాళ్ళకూ బెంగ ఉండే ఉంటుంది. వాళ్ళు చెడ్డవాళ్ళని మేము అనడం లేదు. తమది కాని చోట పని పెట్టుకున్నారని అంటున్నాము, అంతే.

తమది కాని చోటు ఎట్లా అవుతుంది అని అడుగుతారు. మేము రైల్వేలో ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసినాము, మాకు తెలిసిన లెక్కలో చెబుతాము. ప్లాట్‌ఫారం టికెట్టు ఉన్నవాడు ప్లాట్‌ఫారం మీద తిరగవచ్చు. అది పట్టుకుని పై తరగతి వెయిటింగ్ రూములో కాళ్ళు చాపుకుంటే లేపుతాము. ఆ రూము టికెట్టు కొన్నవాడిది. అక్కడా అంతే. టెక్సాస్‌లో 2019లో ఒక చట్టం వచ్చింది, ప్రభుత్వ కాలేజీ ఆవరణలో ఆరుబయట ఎవరైనా నిలబడి మాట్లాడవచ్చు అని. 2025లో దాన్ని కొంత బిగించినారు, అది కోర్టుకు కూడా పోయింది. అది వాళ్ళ తగాదా. కానీ ఆ మాట చెట్టు కిందికి, దారి పక్కకు. లోపలి గది మాట వేరు. మా వాడి ఫీజు బిల్లు మేము చూసినాము. చదువు ఫీజు కాకుండా యూనియన్ ఫీజు ఒక గీత, లైబ్రరీ ఫీజు ఒక గీత, ఆటల ఫీజు ఒక గీత. వాడు జిమ్ముకు పోయినా పోకపోయినా కట్టాలి. ఆ గీతల కోసం మా అక్క ఇంటి పత్రం బ్యాంకులో పడి ఉంది. లైబ్రరీ గదిలో ఒక్క గంటకు కూడా మా అక్క ఇంటి గోడలో ఒక ఇటుక పోయినట్టే.

ఇప్పుడు కొందరికి నచ్చని మాట. మతం పేరు చెప్పి వాళ్ళను బయటికి పంపమని మనం అడగలేము, అడగకూడదు కూడా. 1981లో అమెరికా సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. కాన్సాస్ సిటీలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో కొందరు క్రైస్తవ విద్యార్థులు కాలేజీ గదుల్లో ప్రార్థన సమావేశాలు పెట్టుకునేవాళ్ళు. కాలేజీ ఆపింది. పిల్లలు కోర్టుకు పోయినారు, గెలిచినారు. తక్కిన విద్యార్థి సంఘాలకు గది ఇస్తూ, మతం సంఘమని దీనికి మాత్రం కాదనకూడదు అని తీర్పు. అందువల్ల మనకు నష్టమేమీ లేదు. మన పిల్లలు అక్కడ వినాయక చవితికి హాలు బుక్ చేసి, పీట వేసి, కొబ్బరికాయ కొట్టి, ఆ ఫోటోలు మన గ్రూపులో పెడితే మీరందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపినారు కదా? ఆ హాలు దొరికేది కూడా అదే న్యాయంతో. ఒకరికి మూసిన తలుపు మనకూ మూసుకుంటుంది.

అయితే ఆ తీర్పులో ఒకటి గట్టిగా పట్టుకోవాలి. గెలిచింది విద్యార్థులు. వాళ్ళ పేరు, వాళ్ళ సంతకం, వాళ్ళు కట్టిన ఫీజు. బయటినుంచి వచ్చిన ప్రచారకుడు కాదు. మోర్మన్ విద్యార్థులు తమ పేరున గది తీసుకుని, తలుపు మీద ఇది ఫలానా సమావేశం అని కాగితం అంటించి, ఇష్టమున్నవాళ్ళు రండి అంటే మేము ఒక్క మాటా అనము. వాళ్ళ పెద్దలను పిలిచి కూర్చోబెట్టుకుంటే కూడా అనము. ఒంటరిగా అన్నం తింటున్న పిల్లవాడి పక్కకు వచ్చి కూర్చుని, పరీక్షల వారంలో ఒక విద్యార్థి కార్డు మీద తీసిన చదువు గదిలో తమ పని చేసుకుంటేనే అంటాము. ఇది కాలేజీవాళ్ళు కూడా చూడాలి. గది ఇచ్చేటప్పుడు కార్డు చూస్తారు, లోపల ఎవరున్నారో చూడరు. మన టి.టి.ఇ. అట్లా చేస్తే ఛార్జిషీటు ఇచ్చేవాళ్ళు.

పైగా వాళ్ళకు చోటు లేక కాదు. 1926లోనే ఐడహో రాష్ట్రంలో మాస్కో అనే ఊళ్ళో, విశ్వవిద్యాలయం పక్కన తమ విద్యార్థుల కోసం ఒక మత విద్యాకేంద్రం మొదలుపెట్టినారు. ఇప్పుడు అమెరికాలో ఎన్నో కాలేజీల పక్కన అటువంటివి ఉన్నాయి. తమ డబ్బు, తమ కప్పు, తమ కుర్చీలు. అది మర్యాద. యూటాలో ప్రోవో అనే ఊళ్ళో వాళ్ళదే ఒక పెద్ద విశ్వవిద్యాలయం ఉంది, 1875లో పెట్టింది. అక్కడ చదవాలంటే ప్రతి ఏడూ మతపెద్ద ఆమోదం తెచ్చుకోవాలి. అక్కడి భోజనశాలలో మన ఇద్దరు పంచె కట్టుకుని పోయి, ఒక్కో పిల్లవాడి పక్కన కూర్చుని మన మతం చెబితే ఎంతసేపు కూర్చోనిస్తారు?

మన వైపు వచ్చిన పాత మిషనరీలు గుర్తుకు వస్తారు. మచిలీపట్నంలో నోబుల్ దొర 1843లో బడి పెట్టినాడు. మదురైలో అమెరికన్ కాలేజీ 1881లో, గుంటూరులో క్రైస్తవ కాలేజీ 1885లో వచ్చినాయి. వాళ్ళకూ మతం చెప్పాలనే ఉండేది, దాచలేదు. ఆ రోజుల్లో దాని మీద పెద్ద గొడవలూ అయినాయి. కానీ బెంచీ వాళ్ళది. తమ బెంచీ వేసి ఇతరులను కూర్చోబెట్టినారు. ఇతరుల బెంచీలో వచ్చి కూర్చోలేదు.

సరే, ఇప్పుడు మన బెంచీ సంగతి. గ్రూపులో వీరంగం ఆడినవాళ్ళు ఇది కూడా చదవాలి.

మన సంఘం చదువుగది గోడకు రాయి ఉంది. విద్యార్థుల ఉపయోగార్థం అని తెలుగులో, తమిళంలో చెక్కి ఉంది. 2006 చట్టం వచ్చి బళ్ళో తమిళం తప్పనిసరి అయినప్పటి నుంచి, మన వీధుల్లో చాలామంది పిల్లలకు అ ఆ లు దిద్దే చోటు అదొక్కటే. ఇప్పుడు దాంట్లో ఏముంది? ఒక మూల కళ్యాణానికి అద్దెకిచ్చే పాత్రలు. ఒక మూల పోయిన ఎన్నికల బ్యానర్లు. శనివారం సాయంత్రం చీటీపాట. రెండు నెలల కింద ఒక ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చినాడు. పిల్లలను దించడానికి వచ్చిన తల్లుల పక్కన కూర్చుని, ఏ ఊరమ్మా, ఎంతమంది బిడ్డలు అని ప్రేమగా అడిగి, ఫోను నంబర్లు రాసుకున్నాడు. పిల్లలకు బిస్కెట్లు పంచినాడు. ఆ బిస్కెట్లు తిన్నందుకు ఇద్దరు తల్లులు పాలసీ కట్టినారు. తెల్ల చొక్కా అతనూ వేసుకున్నాడు. మనలో ఎవరైనా లేచి అడిగినామా? కమిటీవాళ్ళ బావమరిది అని ఊరుకున్నాము.

ఇంకొకటి. ప్రతి నెలా రెండో ఆదివారం పెన్షనర్ల మీటింగు ఆ గదిలోనే జరుగుతుంది. పిల్లలను వరండాలోకి పంపి మేము ఫ్యాను కింద కూర్చుంటాము. దాన్ని అక్కడికి తెచ్చింది మేమే. పదకొండేళ్ళ కింద, మోకాళ్ళ నొప్పి, ఎండ అని చెప్పి తాళంచెవి తీసుకున్నాము, మళ్ళీ ఇవ్వలేదు. మా వాడు టెక్సాస్‌లో మెట్ల మీద కూర్చుని చదివినాడని ఏడ్చినాము. ఇక్కడ మా పెన్షను డి.ఏ. లెక్కల కోసం ఎనిమిదేళ్ళ పిల్ల వరండాలో వాననీళ్ళ పక్కన పలక పెట్టుకుని కూర్చోవడం కళ్ళెదుటే ఉన్నా చూడలేదు.

అందుకే వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము ఒక తీర్మానం పెడుతున్నాము. చదువుగది తాళంచెవి ఆదివారం తరగతులు చెప్పే కాలేజీ పిల్లల చేతికి పోవాలి, కమిటీ చేతిలో ఉండకూడదు. పాత్రలు, బ్యానర్లు వారం లోపల ఖాళీ. విద్యార్థి కానివాడు ఎవడైనా, ఏ దేవుడి పనైనా, ఏ పార్టీ పనైనా, ఏ కంపెనీ పనైనా, పిల్లలు పిలిస్తేనే లోపలికి. పిలిచినవాళ్ళ పేరు నోటుపుస్తకంలో ఉండాలి. దీనికి మద్దతుగా సంతకం పెట్టేవాళ్ళు మాకు చెప్పండి, మేము ఇంటికే వస్తాము.

ఈ ఏడు అమెరికా, ఆస్ట్రేలియా పోయే మన పిల్లలను జూలైలో ఒక పూట కూర్చోబెట్టి మాట్లాడాలని కూడా అడుగుతున్నాము. సాయం చేసినవాడికి థాంక్స్ చెప్పి, దాని తర్వాత వచ్చే మాటకు వద్దండీ అని చెప్పవచ్చునని, అది విశ్వాసఘాతుకం కాదని ఎవరైనా పెద్దవాళ్ళు వాళ్ళకు నోటితో చెప్పాలి. అక్కడి తెలుగు విద్యార్థుల సంఘాల నంబర్లు మన దగ్గర ఉన్నాయి. మొదటి వారంలో బియ్యం మూటకు తోడు పోయే పని మనవాళ్ళే చేస్తే ఇంత రాసే అవసరం ఉండేది కాదు. పోయిన ఆగస్టులో మా వాడి పేరు వాళ్ళకు పంపుతామని ఒప్పుకున్న కమిటీ సభ్యుడు మరిచిపోయినాడు. ఆ సభ్యుడు ఎవరో అతనికి తెలుసు.

తాళంచెవి ఇప్పుడు మా జేబులోనే ఉంది. తీర్మానం దాకా ఆగము, ఈ ఆదివారం తొమ్మిదింటికి ఇచ్చేస్తాము. పెన్షనర్ల మీటింగు ఈ నెల నుంచి స్టేషను వెనక వేపచెట్టు కింద. కుర్చీలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి.