కడసీలా, కొట్టు ముద్రా

దశరథుని రథపు ఇరుసు నుండి కడసీల ఊడిపోతే, కైకేయి తన వేలిని అడ్డుపెట్టి చక్రం జారిపోకుండా నిలిపిందని మన ఇళ్ళలో పెద్దలు చెప్పే కథ. వాల్మీకి రామాయణంలో ఈ వేలి ముచ్చట లేదు. అక్కడ ఆమె స్పృహ తప్పిన భర్తను రణభూమి నుండి తప్పించి కాపాడుతుంది. అయినప్పటికీ జనం అల్లుకున్న కథే నాకు ఎక్కువ ఇష్టం. బండి కట్టడం చేతిలో ఉన్నవాడెవడో అల్లిన కథ అది. అంత రథమూ, అంత రాజూ బొటనవేలి పాటి ఇనుప ముక్క మీద ఆధారపడి ఉంటారన్న సంగతి వానికి తెలుసు.

ఈ కథ నాకు గుర్తుకు రావడానికి కారణం పదహారు బోల్టులు. ఇక్కడ అమెరికాలో మా మిత్రుని కుమారుడొకడు పాత షెవర్లే ఇంజన్ను విప్పి, తిరిగి కట్టుకుంటున్నాడు. 350 ఘనపుటంగుళాల ఎనిమిది సిలిండర్ల ఇంజన్. పావు మైలు పందెపు బాట మీద దానిని పరుగెత్తించాలని వాని కోరిక. కనెక్టింగ్ రాడ్లకు కొత్త బోల్టులు కావలసి వచ్చాయి. రాడ్డుకు రెండు చొప్పున పదహారు. పేరున్న తయారీదారు సెట్టు ఒకటి, విడిభాగాల దుకాణం తన సొంత ముద్ర వేసి అమ్ముకునే సెట్టు ఒకటి వాని ముందున్నాయి. రెండవదాని ధర మొదటిదానిలో సగం కూడా లేదు. "అంకుల్, రెండూ ఒకే ఫ్యాక్టరీలో చేస్తారట కదా, ఊరికే పేరుకు డబ్బు ఎందుకు పెట్టాలి?" అని అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. సొంత ముద్ర సెట్టునే కొన్నాడు.

ఆ ప్రశ్నకు ఆలస్యంగా నాకు తోచిన సమాధానమే ఈ వ్యాసం.

ముందుగా ఆ బోల్టు చేసే పని ఏమిటో చూద్దాం. ఆ ఇంజన్లో పిస్టన్ ఒక్కొక్క విడత 3.48 అంగుళాలు ప్రయాణిస్తుంది. నిమిషానికి 7000 చుట్లు తిరిగేటప్పుడు, పైకి దూసుకుపోయిన పిస్టన్‌ను ఆపి, వెనక్కి లాగవలసింది రాడ్డు. పిస్టను, దాని పిన్ను, రింగులు, రాడ్డు పైభాగం కలిపి 800 గ్రాములనుకుంటే, ఆ లాగుడు దాదాపు రెండున్నర టన్నులు. వేగం సగానికి తగ్గితే ఆ భారం నాలుగవ వంతుకు పడిపోతుంది. అందుకే రోజూ ఆఫీసుకు పోయి వచ్చే కారులో ఏ బోల్టయినా మంచిదిగానే కనిపిస్తుంది. పందెపు బాట మీదనే దాని గుణం బయటపడుతుంది.

అయితే మంచి ఉక్కుతో చేసిన 3/8 అంగుళం బోల్టు ఒక్కటే ఆరు టన్నుల వరకు లాగుడును ఓర్చుకోగలదు. మరి రెండు బోల్టులు రెండున్నర టన్నులకు ఎందుకు తెగాలి? ఒక్కసారి లాగితే తెగవు. పొగను బయటికి తోసే విడత చివర, పిస్టన్ పైన ఒత్తిడి దాదాపు లేని వేళ ఈ లాగుడు పూర్తిగా బోల్టుల మీద పడుతుంది. 7000 చుట్ల వద్ద ఇది నిమిషానికి 3500 సార్లు జరుగుతుంది. బోల్టును ముందే తగినంత సాగేలా బిగించి ఉంటే, ఆ బిగువే వచ్చిపోయే భారాన్ని చాలావరకు కాచుకుంటుంది. బిగువు చాలకపోతే ప్రతి విడతకూ లోహం కొద్దికొద్దిగా అలసి, థ్రెడ్ల మొదట్లోనో తల కింది వంపులోనో సన్నని పగులు మొదలై, ఒకనాడు తెగుతుంది. ఆ తరువాత రాడ్డు ఇంజన్ గోడను చీల్చుకుని బయటికి వస్తుంది. చిమ్మిన నూనె వేడి గొట్టాల మీద పడితే మంట, టైర్ల కింద పడితే జారుడు. లోపల కూర్చున్నవాడు పందొమ్మిదేళ్ళ కుర్రవాడు.

ఇప్పుడు "ఒకే ఫ్యాక్టరీ" వాదానికి వద్దాం. దుకాణం బోల్టులు తయారు చేయదు, చేయిస్తుంది. చేసేది పేరున్న కర్మాగారమే కావచ్చు కూడా. కానీ కర్మాగారం అడిగినదే చేస్తుంది. ఏ ఉక్కు, థ్రెడ్లు కోసినవా లేక అచ్చుల మధ్య దొర్లించినవా, దొర్లించడం ఉక్కును కాచి చల్లార్చే పనికి ముందా తరువాతా, ఎన్నింటికి ఒకదానిని పరీక్షించాలి - ఇవన్నీ కొనేవాడు రాసి ఇచ్చే షరతులు. కాచి చల్లార్చిన తరువాత దొర్లించిన థ్రెడ్లు అలసటను ఎక్కువకాలం తట్టుకుంటాయి, ఖర్చూ ఎక్కువే. ఒకే వంటమనిషి పెళ్ళిభోజనమూ వండుతాడు, సత్రంలో పూటకూడూ వండుతాడు. వంటమనిషి పేరు చెప్పినంత మాత్రాన విస్తట్లో ఏమున్నదో తెలియదు.

చూపుతో తెలుసుకోలేమా అంటే, కొంతవరకే. అమెరికా ప్రమాణం ప్రకారం తల మీద మూడు గీతలుంటే గ్రేడ్ 5, అంటే చదరపు అంగుళానికి 1,20,000 పౌన్ల బలం. ఆరు గీతలుంటే గ్రేడ్ 8, అంటే 1,50,000 పౌన్లు. కానీ గీతలు వేయడానికి ఖర్చేమీ లేదు. 1980లలో ఈ దేశంలో జరిగింది అదే. బోరాన్ కలిపిన తక్కువ కార్బన్ ఉక్కుతో చేసిన గ్రేడ్ 8.2 బోల్టులకు గ్రేడ్ 8 గుర్తులు వేసి విరివిగా అమ్మారు. మామూలు వేడిలో లాగి చూస్తే అవీ 1,50,000 పౌన్లకు నిలుస్తాయి. వేడెక్కిన చోట మాత్రం బిగువు కోల్పోతాయి. జాన్ డింగెల్ అధ్యక్షతన ప్రతినిధుల సభ ఉపసంఘం దీనిని విచారించి 1988లో నివేదిక ఇచ్చింది. 1990లో ఫాస్టెనర్ క్వాలిటీ యాక్ట్ వచ్చింది, 1999లో దానిని సవరించారు. దాని ప్రకారం గ్రేడు గుర్తు వేసే పావు అంగుళం, అంతకు పైబడిన బోల్టుల మీద చేసినవాని నమోదైన గుర్తు కూడా ఉండాలి.

ఆ చట్టం సారం నాకు ఎంతో నచ్చుతుంది. "ఇది గట్టిది" అనడం చాలదు, "ఇది గట్టిదని అంటున్నది నేను" అని కూడా చెప్పాలి.

మేము కొన్న సెట్టు పెట్టె మీద "అధిక బలం" అన్న మాట పెద్ద అక్షరాలలో ఉంది. ఎంత బలమో లేదు. బోల్టు తల నున్నగా ఉంది. ఏ నూనె రాసి ఎంత బిగించాలో ఒక అంకె ఉంది కానీ, ఎంత సాగాలో లేదు. ఈ సాగుడు అంకె చిన్న విషయం కాదు. పానా మీద మనం పెట్టే బలంలో దాదాపు 90 శాతం తల కింది రాపిడికీ, థ్రెడ్ల రాపిడికీ పోతుంది. మిగిలిన పదో వంతే బోల్టును సాగదీస్తుంది. నూనె మారితే బిగువు మారుతుంది. కాబట్టి తెలిసినవారు సాగుడును గేజితో కొలుస్తారు.

మేమూ కొలిచాము. విడి రాడ్డును పట్టకర్రలో బిగించి, ఒక్కొక్క బోల్టును చెప్పినంతా బిగించి, వదులు చేసి, మళ్ళీ పొడవు చూశాము. పదిహేను తిరిగి మొదటి పొడవుకు వచ్చాయి. ఒకటి మాత్రం అంగుళంలో వెయ్యింట రెండు వంతులు పొడవుగానే మిగిలిపోయింది. వెయ్యింట ఒకటి మించితే పారవేయాలన్నది ఈ పనివారి లెక్క.

దుకాణానికి తీసుకువెళితే, కౌంటరు దగ్గరి మనిషి చిరునవ్వుతో మొత్తం డబ్బు తిరిగి ఇచ్చాడు. మర్యాదకు లోటు లేదు. ఏ పెట్టె, ఏ విడత సరుకు, ఏమి కొలిచారు అని మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. లోపమున్న ఆ బోల్టు పక్కనున్న బుట్టలో పడింది. దాని తోబుట్టువులు వెనక గోడ మీద వేలాడుతూనే ఉన్నాయి. నన్ను కలవరపెట్టింది బోల్టు సాగడం కాదు, ఈ అడగకపోవడం. డబ్బు వాపసు ఇవ్వడాన్ని మనం నాణ్యతకు హామీగా పొరబడుతున్నాము. అది చొక్కాకు సరిపోతుంది. ఇంజన్ లోపలి బోల్టు విషయంలో ఫిర్యాదు వచ్చేసరికి ఇంజనే ఉండదు.

ఇంత చెప్పి, సొంత ముద్ర సరుకంతా చెడ్డదనడం అన్యాయం. వాల్వ్ కవరుకూ, ఆయిల్ పాన్‌కూ దుకాణం బోల్టులే వాడతాను, ఇకముందూ వాడతాను. అవి తెగితే నూనె కారుతుంది, అంతే. ఉక్కు పేరు, బలం, సాగుడు, విడత సంఖ్య అచ్చువేసి అమ్మే దుకాణముంటే దాని రాడ్డు బోల్టులనూ సంతోషంగా కొంటాను.

పేరున్న ముద్రకు గుడ్డిగా మొక్కడమూ తప్పే. నకిలీ చేసేవాడు పేరున్నదానికే చేస్తాడు. పైగా బలం పెరిగేకొద్దీ ఉక్కు పెళుసుతనానికి దగ్గరవుతుంది. 1968లో మొదలైన కాలిఫోర్నియా సంస్థ ఏఆర్‌పీ చేసే ఎల్19 రకం బోల్టులు చదరపు అంగుళానికి 2,60,000 పౌన్లకు నిలుస్తాయి. కానీ చెమట చేతితో ముట్టుకోరాదు, ఎప్పుడూ నూనె పూసి ఉంచాలి. లేకపోతే హైడ్రోజన్ చేరి పెళుసై విరగవచ్చు. ఆ సంగతి ఆ సంస్థే చెబుతుంది. తన సరుకు బలహీనతను తానే రాసి ఇచ్చే అమ్మకందారు మీద నాకు నమ్మకం కుదురుతుంది.

ఒక ఒప్పుకోలు కూడా చేయాలి. కొన్నేళ్ళ క్రితం నా సొంత ఇంజన్‌లో ఇటువంటి బోల్టులనే కొలవకుండా బిగించాను. ఇంతవరకు ఏమీ కాలేదు. ఆ మాటే ఆ కుర్రవానికి ఉదాహరణగా చెప్పబోయి ఆగిపోయాను. నేను ఎన్నడూ 7000 చుట్లకు పోలేదు. ఏమీ కాకపోవడం నా నిదానానికి సాక్ష్యం, ఆ బోల్టులకు కాదు.

చివరికి వాడు వేసవి అంతా పనిచేసి కూడబెట్టుకున్న డబ్బులో నుండి ఖరీదైన సెట్టే కొన్నాడు. వాటినీ కొలిచాము, పదహారూ తిరిగి మొదటి పొడవుకు వచ్చాయి. "పదిహేను బాగానే ఉన్నాయి కదా అంకుల్, ఒక్కటి మార్చుకుంటే సరిపోయేది కదా" అని వాడు ఇప్పటికీ అంటాడు. వాని లెక్కలో తప్పులేదు. కానీ ఆ పదిహేనింటి గురించి మాకు తెలిసినదల్లా ఒక్క బిగింపుకు నిలిచాయని మాత్రమే. పదహారవది ఎందుకు సాగిందో చెప్పే దిక్కు లేనప్పుడు, మిగిలినవి ఎందుకు సాగలేదో కూడా మాకు తెలియనట్టే. ఆ పందెపు బాట పక్కన వేలు అడ్డుపెట్టడానికి కైకేయి ఎవరూ ఉండరు.