రెండూ బాగుంటే చాలా?

మొన్న సెలవుల్లో ఒక ఫ్లయింగ్ స్కూల్ హ్యాంగర్‌లో నెల రోజులు ఇంటర్న్‌షిప్ చేశాను. ఓవర్‌హాల్ అయి వచ్చిన ఇంజిన్‌ని సెస్నా 172కి బిగిస్తున్నారు. ప్రొపెల్లర్ కూడా షాపులో బ్యాలెన్స్ అయ్యే వచ్చింది. "రెండూ బాగానే ఉన్నాయి కదా సార్, మళ్ళీ బ్యాలెన్సింగ్ దేనికి?" అన్నాను. అక్కడి పెద్దాయన నవ్వి, "లెక్క వేసి చూడు బాబూ" అన్నారు.

వేశాను. ఇరుసుకి 15 సెంటీమీటర్ల దూరంలో ఒక పక్క 10 గ్రాములు ఎక్కువున్నాయనుకోండి. నిమిషానికి 2400 చుట్లు. మనం ఫస్టియర్‌లో బట్టీపట్టి వదిలేసిన సూత్రమే, ఎం ఆర్ ఒమేగా స్క్వేర్. దాదాపు 95 న్యూటన్లు! అంటే తొమ్మిదిన్నర కేజీల బరువంత బలం, సెకనుకి 40 సార్లు చుట్టూ తిరుగుతూ ఇంజిన్‌ని లాగుతుంది.

షాపులో చూసేది ప్రొపెల్లర్ ఒక్కదాన్నే, అదీ తిరగనప్పుడు. విమానంలో దానితోపాటు స్పిన్నర్, స్టార్టర్ రింగ్ గేర్, క్రాంక్‌షాఫ్ట్ అన్నీ కలిసి తిరుగుతాయి. అందుకే బిగించాక ఇంజిన్ ముందు వైబ్రేషన్ సెన్సార్ పెట్టి, బ్లేడుకి మెరిసే టేపు అంటించి, నేలమీదే రన్ చేసి కొలుస్తారు. మా మొదటి రీడింగ్ సెకనుకి 0.3 అంగుళాల పైనే. ట్రయల్ వెయిట్ పెట్టి, మళ్ళీ రన్ చేసి, సరైన చోట వాషర్లు బిగించాక 0.05కి దిగింది. 0.07 లోపుంటే బాగున్నట్టే.

"రూల్ లేదుగా, ఖర్చు దండగ" అనేవాళ్ళూ ఉన్నారు. నేను ఒప్పుకోను. పైలట్‌కి తెలియని వణుకు కూడా బ్రాకెట్లలో, ఎగ్జాస్ట్‌లో పగుళ్ళు తెస్తుంది. ఆ విమానంలో రేపు ఒంటరిగా ఎగిరేది మన వయసువాళ్ళే. అలాగని ఇది సర్వరోగ నివారిణీ కాదు. బ్లేడు వంగినా, మౌంట్ రబ్బర్లు అరిగినా ముందు వాటిని బాగుచేయాలి. వాషర్లతో తప్పు కప్పిపుచ్చడం ఇంకా ప్రమాదం.

మన ప్రాజెక్టులూ ఇంతే కదా. ఎవరి మాడ్యూల్ వాళ్ళ లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడుస్తుంది. అన్నీ కలిపి చూసేది మాత్రం వైవాకి ముందురోజు రాత్రి! ఈసారి మా టీమ్‌లో నెల ముందే కలుపుదామని పట్టుబట్టాను. ఇప్పటికైతే తిట్లే తింటున్నాను.