అమ్మకు అరువది యేండ్లు

ఏ సంవత్సరమున పుట్టితిమో ఆ సంవత్సరపు పేరు అరువదియేండ్లకు గాని మరల మన గుమ్మము ముందునకు రాదు. ప్రభవ మొదలు అక్షయ వరకు తిరుగు ఈ చక్రము మీదనే మన షష్టిపూర్తి నిలిచియున్నది. 1966లో వచ్చిన పరాభవ 2026లో మరల వచ్చును. ఆ పేరు పెట్టిన పెద్దలు ఆ యేట పుట్టబోవు ఆడుబిడ్డలను తలచుకొని పెట్టియుండరు గాని, పరాభవ కార్తికమున అరువది నిండవలసిన నావంటి దానికి ఆ పేరు వినగానే కొంచెము నవ్వు వచ్చును. కొంచెము గుచ్చుకొనును కూడ.

షష్టిపూర్తి యనునది పురుషునిది. కోపముతో చెప్పు మాట కాదు, ఉన్న సంగతి. భర్తకు అరువది నిండిననాడు దంపతులను పీటలమీద కూర్చుండబెట్టి, శాంతి జరిపి, మంగళసూత్రము మరల కట్టింతురు. ఆనాటికి భార్యకు ఏబదియారైనను, ఏబదిరెండైనను ఒకటే. ఆమె వయస్సు ఆయన వయస్సులో కలిసిపోవును. మా ఇంటను నాలుగేండ్ల క్రిందట అట్లే జరిగినది. పసుపు పట్టుచీర కట్టుకొని, అక్షతలు తలమీద వేయించుకొని, "మీ ఇద్దరి షష్టిపూర్తి" అని బంధువులు అనగా నేనును తల యూపితిని. తరువాత ఆమెకు నిజముగా అరువది నిండు రోజు వచ్చినప్పుడు దానికి మంత్రము లేదు, పీట లేదు, పిలుపు లేదు. భర్త ముందుగనే పోయిన స్త్రీ సంగతి ఇక చెప్పనక్కరలేదు.

మా గోదావరిఖనిలో ఈ కడపటి మాట మరింత బరువుగా వినబడును. 2003 జూన్ 16వ తేదీన ఇచటి 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు విరుచుకొనిపడి 17 మంది కార్మికులు మరణించిరి. గనులున్న ఊరిలో అట్టి దినము అదియొక్కటియే కాదు. ఆ కాలమున ముప్పదియైదు, నలువదియేండ్ల ప్రాయమున గనిలో భర్తను కోల్పోయిన ఇల్లాలు నేడు అరువదికి అటో ఇటో ఉండును. ఆ ఇండ్లలో షష్టిపూర్తి పీటలు వాల్చుటకు వీలులేకపోయినను, ఆ తల్లులకు అరువది నిండుట మాత్రము ఆగలేదు. ఆ రోజున ఆ ఇంట ఒక పాయసమైనను వండిరా, ఒక కొడుకైనను "అమ్మా, నీకు నేటికి అరువది" అని అనెనా అని నేను తలపోయుచుందును.

బొగ్గు ఊరిలో వయస్సు లెక్క వేరు. ఇచట మగవాని వయస్సు కంపెనీ రిజిస్టరులో నుండును. పదవీ విరమణ వయస్సును 2021లో 60 నుండి 61కి పెంచినప్పుడు ఊరంతయు ఒక యేడు చిన్నదైనట్లు సంతోషించినది. విరమణ యను మాట మా వాడుకలో లేదు, "దిగిపోవుట" అందురు. కూరగాయల అంగడిలో ఎదురైన స్త్రీని "మీ ఆయన ఎప్పుడు దిగిపోతడక్కా?" అని అడుగుదురే గాని, నీకెన్ని యేండ్లని ఎవరును అడుగరు. ఆయన దిగిపోయిన పిమ్మట క్వార్టరు విడువవలెను. పెరటిలో తాను నాటిన మునగచెట్టు, గోడకు ప్రాకించిన మల్లెతీగ, ఇరువదియేండ్లుగా గోడమీదుగా కూరగిన్నెలు అందించుకొన్న ప్రక్కింటామె, అన్నియు అచటనే ఉండిపోవును. గని స్త్రీకి ముసలితనము అద్దములో కనబడదు. ఇంటి ముందు సామాను లారీ ఆగిననాడు కనబడును.

ఆమె లెక్కపెట్టని వయస్సులు లేవు, తనది తప్ప. తండ్రి వైద్యకారణములచే పనికి తగడని తేలినచో కొడుకునకు కారుణ్య నియామకము లభించును గదా! దానికి కొడుకు వయస్సునకు ఒక హద్దున్నది. అది 35 యేండ్లు కాగా 2024లో 40కి పెంచిరి. భర్తకు ఇంక ఎంత సర్వీసు మిగిలినది, కొడుకునకు హద్దు దాటుటకు ఎన్ని నెలలున్నవి, ఈ రెండు లెక్కలును ఆమె వ్రేళ్ళమీద చెప్పగలదు. నీ వయస్సెంత తల్లీ యని అడిగినచో "ఏమో, యాభై దాటినయి గావచ్చు" అనును. మారుపేరుతో పనిలో చేరిన వారి ఇండ్లలోనైతే ఒకే మనిషికి రెండు పేర్లు, రెండు వయస్సులు; ఆ చిక్కు విప్పుకొనుచు ఆఫీసుల చుట్టు తిరుగుటలోనే ఆమె వయస్సు కరగిపోవును. 1952 నాటి గనుల చట్టము స్త్రీని భూగర్భమున పనిచేయనీయలేదు. 2019లో గాని పగటివేళ సాంకేతిక, పర్యవేక్షక పదవులలో దిగుటకు అనుమతి రాలేదు. భర్త మరణానంతరము ఉపరితలమున పని దొరకిన కొందరిని మినహాయించినచో, ఇన్ని తరముల స్త్రీల వయస్సు ఆ పెద్ద రిజిస్టరులకు ఎక్కనే లేదు.

మా అమ్మ ఒకటో బాయి తవ్వినప్పుడు కాపురమునకు వచ్చినదట. అంతకు మించిన జన్మపత్రిక ఆమెకు లేదు. ఆధార్ కార్డులో మాత్రము జనవరి 1 అని యున్నది. మా వీధిలో అమ్మమ్మలు పలువురు ఆ తేదీననే పుట్టిరి! మగవారికన్న స్త్రీలను వేరుగా గుర్తించి లెక్కించినవారు నేనెరిగినంతలో రైల్వేవారు: వృద్ధుల రాయితీ పురుషులకు 60 యేండ్లకు, స్త్రీలకు 58కే యిచ్చిరి. రెండేండ్లు ముందుగనే మమ్ములను ముసలివారిని చేసినందుకు నొచ్చుకొనవలెనో, చౌకటిక్కెట్టునకు సంతోషింపవలెనో తేల్చుకొనులోపల 2020 మార్చిలో ఆ రాయితీని ఆపివేసిరి.

మన సాహిత్యము ఈ విషయమున ఏమి చెప్పినదని వెదకితిని. ముప్పదియేండ్లు పాఠము చెప్పినదానికి ఆ అలవాటు పోదు. ముసలితనమును గూర్చిన కథలలో పెద్దది యయాతిది. శుక్రుని శాపమున ముదిమి పైబడగా ఆ రాజు కొడుకులను ఒక్కొక్కని యౌవనము అడిగెను, పూరువు ఇచ్చెను. అంత కథ నడచినను, ఆ నడుమ దేవయానికి గాని శర్మిష్ఠకు గాని వయస్సు వచ్చుచున్నదా యను ప్రశ్న ఎవరికిని పట్టలేదు.

నన్ను ఎక్కువగా కలచునది సత్యవతి కథ. పాండురాజు మరణించిన పిమ్మట వ్యాసుడు తల్లికడకు వచ్చి, మంచికాలము గడచిపోయినది, రానున్నది చెడుకాలము, నీవిక తపోవనమునకు పొమ్మని చెప్పెను. ఆ ఘట్టములోని నన్నయ పద్యము ఉపాధ్యాయులందరికి కంఠస్థమే గనుక ఇచట ఉదాహరింపను. పద్యము గొప్పదని చెప్పుదుము, కాలస్వభావమును వివరింతుము, పరీక్షకు ముఖ్యమని గుర్తు పెట్టింతుము. ఆ మాట విన్న తల్లి ముఖము ఎట్లుండెనని అడిగిన విద్యార్థి నాకింతవరకు తారసపడలేదు. వ్యాసుడు చెడ్డ కొడుకు కాడు. కులనాశము తల్లి కంట పడరాదనియే చెప్పెను. ఆమెయు మారుమాట లేక కోడండ్రిద్దరిని వెంటబెట్టుకొని వెడలిపోయెను. కాని హస్తినాపురమును నిలిపిన స్త్రీ ఆమె. నీ కాలము అయిపోయినదని ప్రేమతో చెప్పినను అది చెప్పినవాడు కొడుకే.

నా బిడ్డలు కూడ చెడ్డవారు కారు. హైదరాబాదు నుండి ఫోను చేసి "అమ్మా, ఈసారి నీ పుట్టినరోజు ఫంక్షన్ హాల్ల చేద్దాం, అందరిని పిలుద్దాం" అనిరి. నా గుండె నిండినది. అబద్ధమేల, చీర రంగు కూడ అప్పుడే తలచుకొంటిని. మరునిమిషమున కూతురు "అటెన్క ఇగ నువ్వు రెస్టు తీస్కోవాలె, ఆ ఇల్లు కిరాయికిచ్చి మా దగ్గరికే వచ్చేయిన్రి" అన్నది. అప్పుడు తోచినది, ఆ దీపాలంకరణ యంతయు తపోవనమునకు సాగనంపుటకేనని. పదునొకండవ అంతస్తు మీది తపోవనము. లిఫ్టు కూడ ఉన్నది.

సంతోషము, భయము ఒక్కమారే కలుగుట తప్పా? అరువది వచ్చినందుకు నాకు గర్వమున్నది. నాతో చదివిన వారిలో కొందరికి ఆ భాగ్యము కలుగలేదు. మోకాళ్ళు నొచ్చుచున్నవి, నిజమే. కాని ఇప్పుడు నాకు అర్థమైనట్లు మనుచరిత్ర నలువదియేండ్లప్పుడు అర్థము కాలేదు. దీపాలు వెలిగించవలెననియు ఉన్నది, ఎవరును చూడకుండ ఆ రోజు గడచిపోవలెననియు ఉన్నది. ఇందులో ఒకదానినే ఎన్నుకొమ్మనుట న్యాయము కాదు. తల్లి యన్న తృప్తితో నవ్వవలెను, లేదా త్యాగముతో కన్నీరు పెట్టవలెను; రెండును కలిసిన ముఖమును చూచుటకు మన ఇండ్లలో అలవాటు లేదు.

మన బడులకును ఆ అలవాటు లేదు. "మా అమ్మ" అను వ్యాసము వ్రాయుమన్నచో, ఆరవ తరగతి మొదలు డిగ్రీ వరకు ఆ అమ్మ తెల్లవారుఝామున లేచును, ఓర్పునకు భూదేవి, అందరికి వడ్డించి కడపట తినును. ఇన్నేండ్లుగా దిద్దిన కాగితములలో అమ్మ వయస్సు వ్రాసినది ఒక్కటియు చూడలేదు. ఉపాధ్యాయ మిత్రులు ఈసారి ఆ వ్యాసమునకు ముందు ఒక చిన్న పని ఇత్తురుగాక: అమ్మ ఏ ఊర పుట్టినది, ఏ యేట, ఆ యేటికి ఏమి గుర్తు, ఇప్పుడెన్నియేండ్లు, ఆ సంఖ్య వినగా ఆమెకేమి తోచినది, అడిగి వ్రాసికొని రమ్మనుడు. కొందరు తల్లులు నవ్వి తరిమివేయుదురు. కొందరు పొయ్యి కట్టి కూర్చుండి చెప్పుదురు. తేదీ తెలియదన్న తల్లికి ఒక తేదీని బిడ్డలే కూర్చుండి వెదకవచ్చును. గోదావరికి 1986లో వచ్చిన పెద్ద వరద, 1978లో ఎన్.టి.పి.సి.కి శంకుస్థాపన, ఇట్టి గుర్తులు మా ప్రాంతమున కావలసినన్ని ఉన్నవి.

బిడ్డలతో నేను రెండు మాటలు చెప్పితిని. హాలు వద్దు, ఇంటనే, పిలిచెడివారి పేర్లు నేనే వ్రాసెదను. ఇల్లు కిరాయికిచ్చు ప్రసంగము ఆ రోజున తేరాదు. మరొకనాడు తెచ్చినచో విందును. వారు ఒప్పుకొనిరి. ఇక చిక్కంతయు తేదీతోనే. తిథి ప్రకారము పరాభవ కార్తికమున నాకు అరువది. బడిలో చేర్చునాడు పంతులుగారు తమకు తోచినట్లు 1967 జూన్ 1 అని వ్రాసిరి గనుక ప్రభుత్వము లెక్కలో 2027 జూన్ వరకు అరువది రాదు. మా అమ్మ తిథినే పట్టుకొన్నది. మా వారు సర్టిఫికేటే ప్రమాణమని వాదించుచున్నారు. బిడ్డలు మాత్రము శనివారము, ఆదివారము కలిసివచ్చిన తేదీ ఏదైనను సరే ననుచున్నారు.