కొత్త పొయ్యి, కనపడని మంట

ఈ వారం వంట గురించి కాదు, పొయ్యి గురించి రాస్తున్నాను. కుడిచేతి రెండు వేళ్ళకు ఇంకా కట్టు ఉంది. అక్షరాలు వంకరటింకరగా పోతున్నాయి. ఆఫీసువాళ్ళు ఓపిగ్గా చదువుకుని అచ్చు వేస్తే వాళ్ళకు పుణ్యం. ఆ కట్టు ఎందుకు పడిందో చెప్పడానికే ఈ కబురంతా.

మా అన్నకొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన నెల ఇద్దరు స్నేహితులతో హార్సిలీ హిల్స్‌కు బయల్దేరాడు. అత్తను చూడకుండా పోతే మాట పడాల్సొస్తుందని, చుట్టుదారైనా సదుం వచ్చి ఒక రాత్రి మా ఇంట్లో ఉన్నాడు. తెల్లారి లేచేసరికి ముగ్గురూ పెరట్లో బట్టలుతికే బండ చుట్టూ గొంతుక్కూర్చుని ఉన్నారు. ఏమిటా అని చూద్దును కదా, కూల్‌డ్రింక్ డబ్బా అడుగుభాగంతో చేసిన చిన్న పొయ్యి! నా అరచేతిలో సగం కూడా లేదు. తూకం వేస్తే పదిహేను గ్రాములుంటుందేమో.

"ఏంది నాయనా, ఆడపిల్లోళ్ళు గుజ్జనగూళ్ళు ఆడుకునే పొయ్యి మాదిరుండాదే!" అంది మా అత్తగారు.

"కాదవ్వా, నిజం పొయ్యే. స్పిరిట్ పోస్తే మండుతుంది. ఇదిగో చూడు, నీకు కాఫీ."

"స్పిరిట్టా? అంటే సారాయి జాతే కదరా! ఊర్లో నుంచి తరిమిందాన్ని మళ్ళా పొయ్యిలోకి తెచ్చినావా?"

ఆవిడ అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా పోరాటం గుర్తున్నవాళ్ళెవరైనా అదే అంటారు. అయితే పొయ్యిలో పోసేది తాగే సరుకు కాదండీ. ఎవరూ తాగకూడదని దాంట్లో వేరే మందులు కలిపి, రంగు వేసి అమ్ముతారు. పెయింటు అంగళ్ళలో డీనేచర్డ్ స్పిరిట్ అని దొరుకుతుంది, చెక్క సామాన్లకు పాలిష్ పెట్టేవాళ్ళు వాడతారు. దాంట్లో మిథైల్ ఆల్కహాల్ కలిసి ఉండొచ్చు. అది కొంచెం కడుపులోకి పోయినా కళ్ళు పోతాయి, ప్రాణమూ పోతుంది. కాబట్టి మంచినీళ్ళ సీసాలో మాత్రం పోసి పెట్టకండి.

మా వాడు పొయ్యి ఎలా చేశాడో చెబుతాను. రెండు ఖాళీ అల్యూమినియం డబ్బాలు తీసుకుని, అడుగు నుంచి రెండంగుళాల లోపుగా కత్తిరించాడు. ఒకదాని అడుగున అంచు వెంబడి డ్రాయింగు పిన్నుతో పదహారు సన్న చిల్లులు, నడిమధ్య గుంటలో నాలుగైదు చిల్లులు పొడిచాడు. రెండోదాన్ని నిండు డబ్బా ఒకటి దూర్చి కాస్త సాగదీసి, చిల్లుల ముక్కను దాంట్లోకి బిగువుగా దించాడు. అంతే, పొయ్యి. మధ్య చిల్లుల్లోంచి రెండు టేబుల్ స్పూన్ల స్పిరిట్ పోసి, ఆ గుంట మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టాలి. చుట్టూ ఇనుప తీగతో చేసిన చట్రం మీద గిన్నె, గాలి కొట్టకుండా రేకు ముక్క అడ్డం. కత్తిరించిన అంచు బ్లేడుతో సమానం. చేసేటప్పుడు మా వాడి బొటనవేలు కూడా తెగిందట, ఆ సంగతి తర్వాత చెప్పాడు.

ఇక అది మండే తీరు. పంపు స్టవ్వులు వాడిన తరం వాళ్ళకు వెంటనే అర్థమైపోతుంది. పంపు స్టవ్వు వెలిగించే ముందు బర్నరు కింది గిన్నెలో కొంచెం స్పిరిట్టో కిరసనాయిలో పోసి, బర్నరు వేడెక్కాక పంపు కొట్టేవాళ్ళం గదా. వేడికి లోపలి నూనె ఆవిరై, సన్న చిల్లులోంచి తన్నుకొచ్చి నీలంగా మండేది. స్వీడన్‌లో 1892లో పుట్టిన ఆ ప్రైమస్ స్టవ్వుకు ఈ డబ్బా పొయ్యి మనవరాలనుకోండి. దీనికి పంపు లేదు. మొదట పైన నాలుగు చుక్కలు వెలిగిస్తే ఆ వేడికి లోపలి స్పిరిట్ మరిగి, చుట్టూ పదహారు చిల్లుల్లోంచి ఆవిరి వచ్చి పదహారు చిన్న మంటలవుతుంది. మంట వేడికి ఇంకా మరుగుతుంది, ఇంకా మండుతుంది. అమెరికాలో అపలాచియన్ కాలిబాటని మూడున్నర వేల కిలోమీటర్ల దారి ఉంది. నెలల తరబడి దాని మీద నడిచేవాళ్ళు బరువు తగ్గుతుందని ఇలాంటి పొయ్యిలు మూటలో వేసుకుంటారట.

ఏడెనిమిది నిమిషాల్లో రెండు పెద్ద గ్లాసుల నీళ్ళు మరిగాయి. మసి లేదు, వాసన పెద్దగా లేదు. మా అత్తగారు కాఫీ తాగి, "బాగానే ఉండాది గానీ, అగ్గి యాడుందిరా? నాకు కనపళ్ళేదే" అంది. అందరం నవ్వాం. ఆవిడ కళ్ళకు శుక్లాలొచ్చాయి కదా, అందుకనుకున్నాం.

పిల్లలు వెళుతూ ఆ పొయ్యినీ, సీసాలో మిగిలిన స్పిరిట్‌నూ నాకే ఇచ్చిపోయారు. కొండ మీద వాడొద్దని నేనే గట్టిగా చెప్పాను. హార్సిలీ హిల్స్‌కు పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. నాలుగు వేల అడుగుల పైన ఉంది, ఎండాకాలం ముందే గడ్డి పటపటలాడుతూ ఎండిపోతుంది. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. కాఫీ కోసం కొండ తగలబెట్టారన్న పేరు మనకెందుకు?

ఇంత తెలివిగా చెప్పిన నేను మూడో నాడు చేసిన పని వినండి.

మధ్యాహ్నం రెండు గంటలకు గ్యాస్ అయిపోయింది. రెండో సిలిండరు అప్పటికే ఖాళీ. ఎదురింటి వదినగారు వచ్చి కూర్చున్నారు, కాఫీ ఇవ్వకుండా ఎలా పంపేది? డబ్బా పొయ్యి గుర్తొచ్చింది. పెరట్లో బండ మీద పెట్టి, స్పిరిట్ పోసి, అగ్గిపుల్ల గీశాను. మిట్టమధ్యాహ్నపు ఎండ. కాసేపు చూశాను, మంటే కనపళ్ళేదు. ఆరిపోయిందనుకున్నాను. స్పిరిట్ చాల్లేదేమో, ఇంకొంచెం పోద్దామని సీసా వంచాను.

మంట ఆరలేదండీ. మండుతూనే ఉంది. స్పిరిట్ మంట లేత నీలం, ఎండలో కంటికి ఆనదు. మా అత్తగారి కళ్ళ తప్పు కాదది, ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది, మనమే నవ్వాం. సీసాలోంచి పడే ధార వెంబడే మంట పైకి ఎగబాకి సీసా మూతి దగ్గర బుస్సుమంది. సీసా విసిరేశాను. వేళ్ళ మీద, కొంగు మీద స్పిరిట్ చిందింది. కొంగు అంటుకుందని కూడా నాకు తెలీదు, వేడి తగిలాక తెలిసింది. కట్టుకున్నది నూలు వాయిల్ చీర గనక సరిపోయింది, నైలానో పాలియెస్టరో అయితే కరిగి ఒంటికి అతుక్కునేది. చెనక్కాయలు ఆరబోసిన గోనెపట్టా లాగి నా మీద వేసి అదిమింది మా అత్తగారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. ఆ బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలీదు.

వదినగారు పరుగున పోయి గిన్నెడు ఇడ్లీ పిండి తెచ్చారు. మన ఊళ్ళల్లో కాలితే ఇడ్లీ పిండి, లేకపోతే సిరా, టూత్‌పేస్టు, నెయ్యి. ఏదీ పుయ్యకూడదు. పూస్తే వేడి లోపలే నిలిచిపోతుంది, పుండు చీము పడుతుంది, డాక్టరు చూద్దామన్నా ముందు ఆ పిండి గీకాలి. గాజులూ ఉంగరాలూ వాపు రాకముందే తీసేసి, కొళాయి కింద ఇరవై నిమిషాలు చెయ్యి పెట్టి ఉంచాలి. ఐస్ వద్దు, మామూలు నీళ్ళే. ఇరవై నిమిషాలంటే చాలా సేపండీ, రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది. మా అత్తగారు గడియారం చూస్తూ నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది. తర్వాత శుభ్రమైన నూలుగుడ్డ వదులుగా చుట్టి ఆసుపత్రికి పోయాం. నీళ్ళ కింద పెట్టబట్టే కాలుడు లోతుకు పోలేదన్నారు అక్కడి నర్సమ్మ.

ఇంట్లో స్పిరిట్ పొయ్యి లేదు కదా, నాకెందుకీ గోల అనుకుంటున్నారేమో. మీ వంటింటి గట్టు మీద శానిటైజరు సీసా ఉందా? 2020 నుంచి లేని ఇల్లు ఏది? దాంట్లోనూ ఎక్కువ భాగం ఈ ఆల్కహాలే. చేతికి రాసుకుని తడి ఆరకముందే స్టవ్వు ముట్టిస్తే అదే కనపడని మంట చేతి మీద లేస్తుంది. కిరసనాయిలు దగ్గర మనకు అలవాటైన ధైర్యం దీని దగ్గర పనికిరాదు. కిరసనాయిలు ఆవిరి అంటుకోవాలంటే నూనె సుమారు 38 డిగ్రీలకైనా వేడెక్కాలి. స్పిరిట్‌కు పదిహేడు డిగ్రీలు చాలు, అంటే మన మదనపల్లె చలికాలం పగలు కూడా అది అంటుకోవడానికి సిద్ధంగా ఉంటుందన్నమాట.

అయినా చేసి చూడాలని సరదాపడే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, పక్కన నిలబడి చేయించండి. ఆరుబయట, మట్టి నేల మీద. మూసిన గదిలో ఏ పొయ్యి మండినా విషవాయువు చేరుతుంది. ఒకసారి పోసింది పూర్తిగా అయిపోయి, పొయ్యి చల్లబడి, చేత్తో ముట్టుకోగలిగితేనే మళ్ళీ పోయాలి. ఆరిందో లేదో చూడాలంటే మొహం దగ్గర పెట్టకుండా దూరం నుంచి ఒక ఎండుపుల్ల చాపండి, అంటుకుంటే మంట ఉన్నట్టే. మంట ఆర్పడానికి దానికంటే పెద్ద ఖాళీ డబ్బా ఒకటి పక్కనే పెట్టుకుని బోర్లించండి. ఊదకండి. సీసా మూత పెట్టి పది అడుగుల దూరంలో ఉంచాకే అగ్గిపెట్టె తియ్యండి. స్పిరిట్ బదులు పెట్రోలు, థిన్నరు పోద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడితోనే ఆట కట్టేయండి.

ఇంతా చేస్తే అది ఇచ్చే వేడి ఎంత? కిలోకు కిలో చూస్తే కిరసనాయిల్లో మూడింట రెండొంతులు కూడా రాదు. కాఫీకి సరే, కుటుంబానికి సంగటి కెలకడానికి కాదు. గ్యాస్ రాని నాలుగు రోజులకు మనకు కావాల్సింది వేరే డబ్బా పొయ్యి. 2021 నవంబరులో చిత్తూరు, కడప జిల్లాల్లో వానలు ముంచెత్తినప్పుడు మాకు కరెంటు పోయి ఇండక్షన్ స్టవ్వు మూలన పడింది, సిలిండరు బండి రాలేదు. ఆ నాలుగు రోజులూ మా అత్తగారి పొట్టు పొయ్యే అన్నం పెట్టింది.

కొత్త కోడళ్ళు దాన్ని చూసి ఉండరు గనక చెబుతున్నాను. అయిదు లీటర్ల నూనె డబ్బాగానీ అంతకన్నా పెద్దదిగానీ తీసుకుని, పై రేకు పూర్తిగా కోసేయాలి. పక్కన అడుగుకు ఆనించి రెండంగుళాల చిల్లు చెయ్యాలి. ఆ చిల్లులోంచి ఒక కర్ర లోపల నడిమధ్య దాకా దూర్చి, దాని కొస మీద ఒక గాజు సీసాను నిలువుగా నిలబెట్టాలి. ఇప్పుడు చుట్టూ రంపపు పొట్టు పోస్తూ పిడికిలితో గట్టిగా కూరాలి. కూరడంలోనే ఉందండీ కిటుకంతా. వదులుగా ఉంటే పొట్టు కూలి పొగ కక్కుతుంది, తడిగా ఉంటే కళ్ళు పోతాయి. నిండాక సీసాను మెల్లగా తిప్పుతూ పైకి, కర్రను తిప్పుతూ బయటికి లాగితే లోపల నిలువునా ఒక గొట్టం, అడుగున ఒక దారి మిగులుతాయి. పైన మూడు రాళ్ళు పెట్టి గిన్నె ఎత్తాలి, గిన్నె డబ్బా అంచుకు ఆనితే గాలి ఆడదు. కింది చిల్లులోంచి ఒక ఎండుపుల్ల వెలిగించి తోస్తే, గొట్టం గోడ పట్టి పొట్టు లోపల్నించి బయటికి నిదానంగా కాలుతూ వస్తుంది.

మంట మధ్యలో ఎగదోసే పని లేదు. రెండు మూడు గంటలు తనపాటికి తను కాలుతుంది. ఉలవలు ఉడకడానికి దీన్ని మించింది లేదు. అన్నమయ్యాక ఉలవల కుండ ఎక్కించి పొలానికి పోయొచ్చేదట మా అత్తగారు. పొట్టు పుంగనూరు కోత మిల్లు నుంచి గోనెసంచుల్లో వచ్చేది. అది లేనప్పుడు చెనక్కాయ పొట్టు నలగ్గొట్టి కలిపేవాళ్ళు. ఇది కూడా పెరట్లోనే సుమా, పొగ తక్కువేగానీ లేకపోలేదు. మండుతుండగా కదపకూడదు, కదిపితే పొట్టు లోపల కూలుతుంది.

మా వాడికి ఫోను చేసి జరిగింది చెప్పాను. పాపం చాలా సేపు మాట్లాడలేదు. "అత్తా, మంట కనపడదని నాకు తెలుసు, చెప్పాలని తోచలేదు" అన్నాడు. తప్పు వాడిదని నేననను, వంచింది నేనే. ఆ డబ్బా పొయ్యిని మా అత్తగారు పారెయ్యనివ్వలేదు. పైముక్క ఊడదీసి, అడుగుముక్క అంచు రాతి మీద అరగదీసి, ఆముదం పోసి ఒత్తి వేసి తులసికోట దగ్గర పెట్టింది. "ఈ అగ్గి నాకు కనపడతాది" అంది.

వేళ్ళు మానేదాకా రుబ్బే పనులు నాకు కుదరవు. వచ్చే వారం ఒంటిచేత్తో అయ్యే వంటలు నాలుగు రాస్తాను, ఉలవల గుగ్గిళ్ళతో మొదలుపెట్టి.