ఇంజనుతో పోటీకి పాట పెంచకండి

జూన్ 14తో వేట నిషేధం ముగుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి ఒడ్డున ఉన్న బోట్లకు రంగులు పడుతున్నాయి, వలల మరమ్మతులు అవుతున్నాయి, డీజిలు, ఐసు లెక్కలు నడుస్తున్నాయి. విశాఖ జాలరిపేట కుర్రాళ్ళు చూసుకునే ఏర్పాటు ఇంకొకటుంది: మెమరీ కార్డు నిండా పాటలు. అందులో తప్పేమీ లేదు. రోజుల తరబడి నీళ్ళ మీద ఉండేవాడికి పాట కాక తోడేముంది? ప్రమాదమంతా ఆ పాటల్ని బోటుకని పెంచి ఎక్కించుకోవడంలోనే ఉంది.

"ఇంజను సౌండులో వినపడట్లేదన్నా, కాస్త పెంచి ఎక్కించు" అంటే కంప్యూటరు ముందున్నవాడికి అది అర నిమిషం పని. కానీ డిజిటల్ పాటకు ఒక హద్దుంది. సీడీ లెక్కలో అల ఎత్తు 32,767 దాటదు. కొత్త సినిమా పాటలు చాలావరకు స్టూడియోలోనే ఆ హద్దుకు చేరి బయటికొస్తున్నాయి. ఇంకో పది డెసిబెల్స్ లేపమంటే సాఫ్ట్‌వేరు లేపుతుంది, హద్దు దాటిన అలల తలలన్నీ తెగిపోతాయి. తెర మీద ఎగుడుదిగుడుగా ఉండాల్సిన గీత ఇటుక గోడలా కనిపిస్తుంది. డప్పు గరగరలాడుతుంది, గొంతు చీలుతుంది. పాత ఘంటసాల పాటల్లో కాస్త జాగా ఉంటుంది. వాటిని కొత్తవాటి సరసకు తెచ్చుకోవడం న్యాయమే. ఎంపీ3గెయిన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు పుట్టింది అందుకే. అది 1.5 డెసిబెల్ మెట్లలో పెంచుతుంది, తగ్గిస్తుంది. మనం మార్చకపోతే 89 డెసిబెల్స్ దగ్గర ఆగుతుంది. ఆ 89ని 99 చేయించుకోవడంతోనే అనర్థం మొదలు.

ఇందులో ఇంకో మోసముంది. చాలా ఫోన్లలో వాల్యూమ్ ఒక గీత దాటితే చెవికి హాని అని హెచ్చరిక వస్తుంది. అలాంటి ఫోను చూసేది మీ వేలు ఎక్కడుందన్నదే. ఫైలులోనే పెరిగిన పాట ఆ గీతకు కిందే చెవులు చిల్లులు పొడుస్తుంది, ఫోను నోరు మెదపదు.

85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలుంటే చెవికి ఆ రోజు కోటా అయిపోయినట్టే. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ సమయం సగానికి సగం పోతుంది. 88కి నాలుగు గంటలు, 94కి ఒక గంట, 100కి పావుగంట. ఇది అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థ నియోష్ కట్టిన లెక్క. ఇంజను పక్కన కూర్చున్నవాడి కోటాలో సింహభాగం ఇంజనే తినేస్తుంది, పాట దాన్నీ మించాలి కదా! లోపలి చెవిలోని సన్నని కణాలు చచ్చాక మళ్ళీ మొలవవు. మొదట దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి. ఎదుటివాడి గొంతు వినపడుతూనే ఉంటుంది, స, ష లాంటి అక్షరాలు మాత్రం జారిపోతుంటాయి. ఇంట్లో "ఏంటీ?" అని రెండుసార్లు అడగడం అక్కడి నుంచే.

చెవి నెమ్మదిగా పోతుంది, ప్రాణం అలా కాదు. విశాఖ పోర్టుకు వచ్చిపోయే ఓడలు తిరిగే నీళ్ళలోనే మన బోట్లూ తిరుగుతాయి. ఓడలు ఢీకొనకుండా 1972లో చేసుకున్న అంతర్జాతీయ నియమాల్లో అయిదోది, కళ్ళతోనూ చెవులతోనూ కాపలా కాయాలంటుంది. వేట బోటుకీ అది వర్తిస్తుంది. ఎదుటి పడవ ఎటు తిరుగుతుందో అంతుబట్టకపోతే ఓడ కనీసం అయిదు పొట్టి కూతలు గబగబా కూస్తుంది. పొగమంచులో నడిచే ఓడ రెండు నిమిషాలకు మించని ఎడంతో ఒక్కో పొడుగు కూత వేస్తుంది. 200 మీటర్ల పైబడిన ఓడ కూత 70 నుంచి 200 హెర్ట్జ్ మధ్యనుండాలి, అంటే బాగా బొంగురు. డీజిల్ ఇంజను మోతా, పాటలోని బేసూ ఎక్కువగా ఉండేది అక్కడే. రెండు చెవుల్లోనూ బేసు దంచుతున్న సరంగుకు ఆ కూత పాటలో కలిసిపోతుంది.

అందుకే స్టీరింగు పట్టినవాడి చెవిలో ఇయర్‌ఫోను ఉండకూడదు, ఒక్క చెవిలోనైనా సరే. బోటు యజమానులు ఈ మాట బోటు కదలకముందే తేల్చాలి. రాత్రి కాపలావాడు నిద్ర ఆపుకోవడానికి పాట కావాలంటాడు. పాట కన్నా మనిషిని మార్చడం మేలు.

పని లేనప్పుడు వినే కళాసీ సంగతి వేరు. అతను పాట పెంచక్కర్లేదు, మోత తగ్గించుకుంటే చాలు. చెవిలో బిగుతుగా కూర్చునే రబ్బరు మొనల ఇయర్‌ఫోన్లు బయటి మోతను కొంత ఆపుతాయి, పాట చిన్నగా పెట్టినా తెలుస్తుంది. ఇంజను దగ్గర ఉండేవాడికి ఫోమ్ ఇయర్‌ప్లగ్గులే, పాట లేకుండా. పాటలో మెల్లటి చోట్లు మోతలో మునిగిపోతున్నాయంటే కంప్రెషన్ అనే పద్ధతి ఉంది. మెల్లటివి లేస్తాయి, పెద్దవి ఉన్నచోటే ఉంటాయి. కార్డులు నింపే షాపులవాళ్ళు ఇది నేర్చుకోవాలి, పెంచమని అడిగినవాడికి కాదనడమూ నేర్చుకోవాలి.

మోత వల్ల వచ్చే చెవుడు ఫ్యాక్టరీ కార్మికుల విషయంలో చట్టం గుర్తించిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. స్టీలుప్లాంటు కార్మికుడికి ఆ ఆసరా ఉంది. జాలరి దాకా అది రాదు, అతని చెవి బాధ్యత అతనిదే. వేట నుంచి వచ్చాక చెవుల్లో గుయ్‌మనడం మర్నాటికీ తగ్గకపోయినా, ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టున్నా గులిమి అనుకుని నూనె పోసుకోవద్దు. పెదవాల్తేరు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్ళండి. హఠాత్తుగా వచ్చిన చెవుడుకి మందు పనిచేసేది ముఖ్యంగా మొదటి రెండు వారాల్లోనే. ఇంకో ట్రిప్పు వేసి వచ్చి చూపించుకునే వ్యవధి అందులో లేదు.