ఇరుసు చూడని సరదా

అమెరికాలో మా అబ్బాయి 2001 నాటి తన జీప్ రాంగ్లర్‌కు 33 అంగుళాల టైర్లు తొడిగి, ఇంట్లోనే వెనుక ఇరుసు మార్చడానికి పూనుకొన్నాడు. దండుగ ఖర్చన్నాను. పాత డానా 35ను విప్పి చూపగానే ఆ మాట వెనక్కు తీసుకొన్నాను. అందులో చక్రాన్ని నిలిపేది ఇరుసు కడ్డీయే. దానిని లోపల పట్టి ఉంచేది చిన్న ‘సి’ ఆకారపు బిళ్ళ. పెద్ద టైరు మెలితిప్పుకు కడ్డీ విరిగితే, ఆ ముక్కతో సహా చక్రం బయటికి జారిపోతుంది. కడచీల ఊడిన ఎడ్లబండే! డానా 44లోనైతే వెలుపలి కొననే బేరింగూ పలకా కడ్డీని బిగించి ఉంచుతాయి. మిత్రులారా, టైర్లకు డబ్బుపోసి ఇరుసును వాయిదా వేయడం నా దృష్టిలో అవివేకం. ముందు, వెనుక ఇరుసుల గేర్ల నిష్పత్తి ఒకటి కాకున్నా, ఫోర్‌వీల్ వేయగానే రెండూ పెనుగులాడతాయి. పళ్ళు లెక్కపెట్టి సరిచూసేదాకా బండి తీయవద్దని అబ్బాయికి చెప్పాను.