నేల అమ్మించువానికి యోగ్యత వలదా?

తిరుమలగిరి చౌరస్తాలో పురుగుమందుల దుకాణము తెరువగోరు యువకుడు మొట్టమొదట తన చదువు పత్రమును చూపవలెను. 2017లో సవరింపబడిన కేంద్ర నిబంధనల ననుసరించి, వ్యవసాయమునందో, రసాయన జీవశాస్త్రాదులయందో పట్టాగాని, నిర్ణీతమైన శిక్షణ పొందినట్లు పత్రముగాని లేనివాడు లైసెన్సున కర్హుడు కాడు. భీమా పాలసీ అమ్మబోవువాడు పరీక్ష వ్రాయవలెను. ఆటో తోలువాడు బండి నడిపి చూపవలెను. న్యాయవాదులు పట్టా పుచ్చుకొనుటయే గాక, 2010 నుండి అఖిల భారత బార్ పరీక్షను గూడ దాటవలసియున్నది. (మేమా పరీక్ష పుట్టక ముందే గట్టెక్కితిమని యొప్పుకొనుచున్నాము.) కాని అదే చౌరస్తాలో తేనీటి హోటలు బల్లపై కూర్చుండి, ఒక కుటుంబము ఇరువదియేండ్లు కడుపు కట్టుకొని కూడబెట్టిన ధనమును ఒక్క మధ్యాహ్నములో చేతులు మార్పించు పెద్దమనిషికి ఏ చదువును, ఏ పరీక్షయు, ఏ పూచీయు నక్కరలేదు. ఒక సెల్ ఫోను, ఒక తెల్ల చొక్కా, ఎరువు తెచ్చిన కారొకటి యున్న చాలును.

ఇది న్యాయమా యని మేమడుగుచున్నాము.

చట్టము లేదని యెవరైన అందురేమో. కలదు. 2016లో పార్లమెంటు రియల్ ఎస్టేటు నియంత్రణాభివృద్ధి చట్టమును చేసినది. అందలి 9వ సెక్షను ప్రకారము, రిజిస్టరు కాని యేజెంటు రిజిస్టరైన ప్రాజెక్టులోని ప్లాటునుగాని ఫ్లాటునుగాని అమ్మింపరాదు, కొనిపింపరాదు. మీరితే దినమునకు 10,000 రూపాయల చొప్పున, ఆ యాస్తి విలువలో నూటికి 5 వంతుల వరకు జుర్మానా. అనుమతులు లేని ప్రాజెక్టును ఉన్నట్లు చెప్పరాదనియు, లెక్కల పుస్తకము లుంచవలెననియు, కొనువానికి కాగితములన్నియు చూపవలెననియు 10వ సెక్షను శాసించుచున్నది. తెలంగాణ ప్రభుత్వము 2017 జూలైలో నియమములు గూడ ప్రకటించెను. అంతవరకు బాగుగనే యున్నది.

ఇక ఆ రిజిస్ట్రేషనునకు కావలసిన యర్హత లేమో చూతము. పేరు, చిరునామా, ఛాయాపటము, పాన్ కార్డు, ఆదాయపు పన్ను కాగితములు, వ్యాపార స్థలమునకు రుజువు, రుసుము. అంతే. దరఖాస్తుదారు పన్ను కట్టునో లేదో ప్రభుత్వ మెరుగగోరుచున్నది గాని, పహాణీ చదువగలడో లేదో ఎరుగగోరుట లేదు. దస్తావేజునకును అగ్రిమెంటునకును భేదమేమని వాని నెవ్వరును అడుగరు. పైగా ఈ చట్టమును నడుపవలసిన సంస్థకు పూర్తికాలపు అధ్యక్షుడు వచ్చుటకే మన రాష్ట్రమున 2023 వరకు వేచియుండవలసి వచ్చినది.

ఒక సంగతి చెప్పెదము. భివండిలో మరమగ్గముల కడ పదునెనిమిదేండ్లు కష్టించి యూరు చేరిన యొక సోదరుడు మా కార్యాలయమునకు వచ్చెను. చేతిలో నూరు రూపాయల స్టాంపు కాగితముపై వ్రాసిన యగ్రిమెంటు. దానికి పైన ప్లాస్టికు తొడుగు, కాగితము నలుగకుండుటకై. రోడ్డుకు దగ్గరలో నూటయేబది గజములు కొంటినని యతడు భ్రమపడుచున్నాడు. సర్వే నంబరు తీసి చూచితిమి. ఏనాడో భూమిలేని పేదలకు ప్రభుత్వ మిచ్చిన అసైన్డు భూమి అది. 1977 చట్టము ప్రకారము దానిని అమ్ముటయు చెల్లదు, కొనుటయు చెల్లదు, రిజిస్టరు చేయుటయు కుదరదు. మధ్యవర్తిని పిలిపించితిమి. అతడు మా ముఖము చూచి, “నాకేం ఎరుక సారూ? ఆయన నాకు చూపెట్టిండు, నేను ఈయనకు చూపెట్టిన” అనెను. పాఠకులు నమ్మినను నమ్మకున్నను, మేమాతని మాట నమ్మితిమి. అతడు మోసగాడు కాడు. అసైన్డు భూమి యనగా నేమో అతనికి నిజముగనే తెలియదు. ఇరుప్రక్కల కమీషను పుచ్చుకొన్నాడు, పిల్ల పెండ్లికి ఖర్చు పెట్టుకొన్నాడు. మోసగానికి భారతీయ న్యాయ సంహితలో శిక్ష కలదు. తెలియనివాని కేమి చేయుదుము? వాని యజ్ఞానమునకు మూల్యము చెల్లించినవాడు మాత్రము భివండికి తిరిగిపోయెను.

ఇటువంటి వారొకరిద్దరని తలపవలదు. అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకై 2020లో ప్రభుత్వము దరఖాస్తులు పిలువగా, రాష్ట్రమందంతట 25 లక్షలకు మించి వచ్చి పడినవి. అందు మిక్కిలి ప్లాట్లను ఎవరో యొకరు దగ్గరుండి చూపి, “అన్ని పర్మిషన్లు ఉన్నయి” అని చెప్పి అమ్మించియే యుందురు గదా! ఆ నోళ్లలో ఒక్కదానికైన ముందుగా పరీక్ష పెట్టియున్న యెడల, ఇన్ని లక్షల కుటుంబములు తమ తప్పు కాని తప్పునకు రుసుము కట్టుకొనుటకై వరుసలలో నిలువవలసి వచ్చెడిదా?

మన ప్రాంతమునకు ఈ విషయము మరింత గుచ్చుకొనవలెను. ఇది కాగితము వలన భూమి పోగొట్టుకొన్న నేల. నిజాము కాలమున దున్నినవాడొకడు, పట్వారీ వ్రాతలో పేరు మరియొకరిది. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ తన కౌలు పొలమును, పండిన ధాన్యమును విసునూరు దేశముఖు నుండి కాపాడుకొనుటకు నిలిచినదీ, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినదీ మన పొలిమేరలకు ఎంతో దూరమున కాదు. పట్వారీ కలమును 1980ల దశకములో తీసివేసితిమి. 2020లో ధరణి వచ్చినది, 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూ భారతి వచ్చినది. పాత పహాణీని కంటితో చదువగలిగిన ముదుసలి మధ్యవర్తులే ఈ కొత్త తెరల ముందు తడబడుచుండగా, నిన్న మొన్న వ్యాపారమున దిగిన కుర్రవాండ్ర సంగతి చెప్పనేల? 2016లో సూర్యాపేట జిల్లా యైనది. 2018లో తిరుమలగిరి పురపాలక సంఘమైనది. జనగామ రహదారికి ఇరువైపుల నిన్నటి వరిమళ్లలో నేడు రంగు రాళ్లు మొలచుచున్నవి. రాళ్లు పాతించువారి సంఖ్య పెరిగినది. కాగితము చదువువారి సంఖ్య పెరుగలేదు.

ఇతర దేశముల మాట చూడుడు. మన జిల్లా నుండి అమెరికా పోయిన పిల్లలలో కొందరక్కడ ఇండ్లు అమ్మించు వృత్తి చేయుచున్నారు. టెక్సాసులో వారు 180 గంటల పాఠములు, కాలిఫోర్నియాలో 135 గంటల పాఠములు చదివి, ప్రభుత్వ పరీక్ష వ్రాసి, వ్రేలిముద్రలిచ్చి, అనుభవజ్ఞుడైన లైసెన్సుగల బ్రోకరు పూచీ క్రింద పనిచేయవలెను. ఏజెంటు మోసగించి, కోర్టు తీర్పు వచ్చియు సొమ్ము రాబట్టుకొనలేని బాధితునకు కొంత చెల్లించు నిధియు ఆ రాష్ట్రములలో కలదు. అమెరికా ధనిక దేశము, మనకేల యందురా? ప్రక్కనున్న మహారాష్ట్ర 2023 జనవరిలోనే ఏజెంట్లకు శిక్షణయు పరీక్షయు విధించినది. కేంద్ర చట్టము రెంటికి నొకటే. అక్కడ సాధ్యమైనది ఇక్కడ అసాధ్యమగుటకు కారణమేమి?

ప్రతిపక్షము వారు రెండు మాటలు చెప్పుదురు. ఒకటి, లైసెన్సనగా లంచమునకు మరియొక కిటికీ యని. ఈ భయము వట్టిది కాదు. మన కార్యాలయముల నెరిగినవారమే మేము. అందుకే పరీక్ష కంప్యూటరుపై జరుగవలె ననియు, ఫలితములు అందరకు కనుపడునట్లు ప్రకటింపవలె ననియు మేము కోరుదుము. రెండవ మాట ఇంతకంటె బలమైనది. నిబంధనలు బిగించిన కొలది హైదరాబాదు కంపెనీలు నిలుచును, పల్లెటూరి మధ్యవర్తి చితికిపోవును అందురు. నిజమే, పొలము గట్టు తెలిసినవాడు, ఎవరి బావి ఎన్నడెండునో యెరిగినవాడు ఊరికి వలయును. కావుననే మేము బి.ఏ. పట్టా కోరుట లేదు. పరీక్ష తెలుగులో నుండవలెను, సూర్యాపేటలోనే జరుగవలెను, శిక్షణ ఉచితముగా నుండవలెను. అమ్మకమునకు రిజిస్టరైన దస్తావేజే ప్రాణమనియు, ఉత్త అగ్రిమెంటు వలన హక్కు రాదనియు, జి.పి.ఏ. కాగితముతో యాజమాన్యము మారదని సుప్రీంకోర్టు 2011లో చెప్పియున్నదనియు, అసైన్డు భూమి, నిషేధిత జాబితా, లేఅవుటు అనుమతి, భారధృవీకరణ పత్రము అనగా నేమో తెలిసిన చాలును. పది దినములలో నేర్చుకొనదగిన విద్య ఇది. పది దినములు చదువజాలనివాడు పదిలక్షల వ్యవహారము నడుపుట ఏమి ధర్మము?

ఇంకొక లోపమును మా న్యాయవాద సోదరులైనను తరచుగా గమనింపరు. పైని కేంద్ర చట్టము ప్లాట్లకు, ఫ్లాట్లకు, భవనములకే గాని వ్యవసాయ భూమి బేరములకు తగులదు. 500 చదరపు మీటర్లకు మించని స్థలమును, ఎనిమిదికి మించని ఫ్లాట్లను గూడ వదలిపెట్టినది. తిరుమలగిరి చుట్టుపట్ల జరుగు బేరములలో అధికభాగము ఎకరముల లెక్కన, గుంటల లెక్కన సాగునవే. అనగా ఇచ్చటి మధ్యవర్తికి ఆ పేరుకు మాత్రపు రిజిస్ట్రేషను గూడ నక్కరలేదు. అయితే దీనికి ఢిల్లీ వైపు చూడవలసిన పనిలేదు. వ్యవసాయ భూముల బదలాయింపు రాజ్యాంగము ఏడవ షెడ్యూలులో రాష్ట్రముల జాబితాలో 18వ అంశము. శాసనసభ తలచుకొన్న ఒక్క సమావేశములో చట్టము చేయవచ్చును.

భూమి ఏదైనను, కమీషను పుచ్చుకొని బేరము కుదుర్చు ప్రతివాడును పరీక్ష నెగ్గి, కొంత ధరావతు కట్టి, తన సంఖ్యను బయానా రశీదుపై వేయవలెను. ఆ ధరావతుల నుండి మోసపోయినవారి కొరకు నిధి యేర్పడవలెను. ఈ మేరకు బిల్లును తెచ్చుటకు మన శాసనసభ్యులు పూనుకొనవలెను. వచ్చు ఆదివారము వెంచరు చూచుటకు ఉచితముగా కారు ఎక్కించుకొనువారు మీ వాకిటికి వచ్చినపుడు, కారు ఎక్కుటకు ముందే వారి రెరా సంఖ్య నడుగుడు, ఆ సంఖ్యను అథారిటీవారి వెబ్‌సైటులో చూచుకొనుడు. పొలమైనచో అడుగుటకు సంఖ్యయే లేదు గనుక, సర్వే నంబరు వ్రాసికొని, బయానా ఇయ్యక, తహసీలు కార్యాలయమునకు పొండు.